ఇంజను ఊపిరి బిగబట్టరాదు

ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకొని బ్రతకవచ్చునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట మనిషికే గాక ఇంజనుకు కూడ వర్తించును. దమ్ము చేయు ట్రాక్టరు గాని, వరికోత యంత్రము గాని, ధాన్యమును మార్కెటుకు చేర్చు లారీ గాని నడచుచున్నంతసేపు దాని కడుపులో పొగయు, ఆయిలు ఆవిరియు పుట్టుచునే యుండును. వాటిని బయటికి పంపుటకు ప్రతి ఇంజనుకు ఒక దారి యున్నది. దానినే బ్రీథరు అందురు. చూచుటకు అది చిన్న గొట్టము. దానిని గురించి అమ్మినవారు చెప్పరు, కొన్నవారు అడుగరు. అది మూసికొనిపోయినప్పుడు మాత్రము తప్పు రింగుల మీదనో, టర్బో మీదనో పడుచున్నది. దానికి ఖర్చు పెట్టువాడు రైతు.

ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఒక్కటే. ఇంజను ఆయిలు త్రాగుచున్నదనియో, కార్చుచున్నదనియో దానిని విప్పించుటకు ముందు బ్రీథరును పరీక్షింపవలెను. ఆ పరీక్షకు మెకానిక్కుకు కూలి ఇయ్యవలెను. అర్ధగంట పనితో తేలవలసిన దానిని వారము రోజుల పనిగా చేసికొనుట మనకు మంచిది కాదు.

పాతబస్తీకి చేరు ఇంజనులు

హైదరాబాదు నగరమునకు మోటారు మరమ్మతు పనితో పరిచయము పాతది. 1932వ సంవత్సరములోనే నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా విభాగము 27 బస్సులతో ప్రారంభమైనది. నేడు కూడ చేవెళ్ల, శంషాబాదు, షాద్‌నగరు, ఇబ్రహీంపట్నం ప్రాంతముల రైతులు పెద్ద మరమ్మతు వచ్చినప్పుడు ఇంజనును బండికెత్తించి నగరమునకు తెచ్చుట కద్దు. పాతబస్తీలోను, దాని దక్షిణపు అంచున చాంద్రాయణగుట్ట, ఆరాంఘరు, కాటేదాను వైపునను ఇంజను పని తెలిసిన ఉస్తాదులున్నారు. చెవి యొగ్గి వినిన మాత్రముననే ఏ బేరింగు అరిగినదో చెప్పగలవారు వారిలో నున్నారు. వారి నేర్పును నేను తక్కువ చేయుట లేదు.

చిక్కు మరియొక చోట నున్నది. ఇంజను వర్క్‌షాపు చేరునప్పటికే రైతు మనస్సులో ఒక తీర్మానము జరిగిపోయి యుండును. "ఉస్తాద్, ఇంజను బోరుకు వచ్చింది. విప్పి చూడు" అని ఆయన అనును. కోతలు తరుముకొని వచ్చుచుండును. పనివాడు కూడ విప్పుటకే సిద్ధపడును. విప్పి బిగించిన పనికి కూలి దొరకును గాని, విప్పనక్కరలేదని చెప్పినందుకు కూలి యిచ్చువారు లేరు. హెడ్డు దించి, రింగులు మార్చి, స్లీవులు వేసి, గాస్కెట్లు క్రొత్తవి బిగించి పంపుదురు. మూసికొనిపోయిన పాత బ్రీథరు మాత్రము ఉన్న చోటనే యుండును. పొలమునకు పోయిన పదిదినములకు మరల క్రాంకు సీలు వద్ద ఆయిలు కారును. అప్పుడు రైతు ఉస్తాదును నిందించును, ఉస్తాదు సామాను నిందించును. దోషము ఎవరి చూపుకును అందని గొట్టములో నుండును.

లోపల జరుగునది

ఇంజనులో డీజిలు మండినప్పుడు పుట్టిన పీడనము పిస్టనును క్రిందికి నెట్టును. పిస్టనుకు చుట్టునున్న రింగులు ఎంత బాగుగా నున్నను ఆ వాయువులో కొంత భాగము రింగుల ప్రక్కగా క్రాంకు తిరుగు అరలోనికి జారును. మన మెకానిక్కులు దీనిని బ్యాక్ కంప్రెషను అందురు. క్రొత్త ఇంజనులో ఇది కొంచెముగా నుండును, అరిగిన ఇంజనులో ఎక్కువగా నుండును. అసలే లేని ఇంజను లేదు.

ఈ వాయువు వట్టి పొగ కాదు. ఒక లీటరు డీజిలు మండినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. అందులో ఎక్కువ భాగము సైలెన్సరు ద్వారా పోయినను, కొంత రింగులు దాటి క్రిందికి దిగును. దానితో మసియు, మండని డీజిలును చేరును. క్రింద క్రాంకు నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగుచు వేడి ఆయిలును చిలుకుచుండును. ఆ చిలుకుడులో ఆయిలు పొగమంచువలె తేలును. ఈ తుంపరలలో చాల భాగము ఒక మైక్రానుకంటె చిన్నవి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అంత సన్నని తుంపర గాలితోపాటు ఎక్కడికైనను పోగలదు.

పూర్వము మన మోటబావుల మీద నడచిన నెమ్మది ఆయిలు ఇంజనులను పెద్దలు ఎరుగుదురు. వాటిలో లిస్టరు తరహా ఇంజనులకు క్రాంకు తలుపు మీద పలుచని బిళ్ళ గల బ్రీథరు ఉండెడిది. లోపలి గాలి బయటికి పోవునేగాని, బయటి గాలి లోనికి రాకుండ ఆ బిళ్ళ అడ్డుపడెడిది. అందుచేత ఇంజను కడుపులో పీడనము తక్కువగా నిలిచి, ఇరుసు వద్ద ఆయిలు కారకుండెడిది. బిళ్ళ అంటుకొన్నచో నేలయంతయు ఆయిలే. ఆ సూత్రమే నేటి పెద్ద ఇంజనుకు కూడ మూలము. మారినది పీడనమే.

టర్బో వచ్చిన పిమ్మట

ఇంజను వదలు పొగ బలముతోనే గాలిని కుదించి ఇంజనుకు ఇచ్చు పద్ధతికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను. నేడు పెద్ద ట్రాక్టరులలోను, కోత యంత్రములలోను, లారీలలోను టర్బో సామాన్యమైనది. దానివలన అదే పరిమాణము గల ఇంజను ఎక్కువ పని చేయును. కాని సిలిండరులో పీడనము హెచ్చుటచేత రింగులు దాటి దిగు వాయువు కూడ హెచ్చును. టర్బో ఇరుసు సీళ్ళ గుండ కొంత గాలియు, కొంత పొగయు ఆయిలు మార్గములో చేరి క్రాంకు అరకే వచ్చును. లారీలకు బ్రేకు గాలి నిచ్చు కంప్రెసరు అరిగినచో దాని గాలి కూడ అక్కడికే చేరును. ఇన్ని వైపుల నుండి వచ్చు వాయువునకు బయటికి దారి ఒక్కటే.

ఇక్కడ రైతులు గట్టిగా గుర్తుంచుకొనవలసిన విషయమొకటి గలదు. చిన్న టర్బోల ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. దానిని కాపాడునది ఇంజను ఆయిలు. ఆయిలు పీడనముతో టర్బోలోనికి ఎక్కును గాని, తిరిగి వచ్చునప్పుడు తన బరువుతోనే జారి క్రాంకు అరలో పడును. బ్రీథరు మూసికొనిపోయి లోపల పీడనము పెరిగినచో ఈ ఆయిలు దిగదు. కాలువ చివర గట్టు వేసినప్పుడు నీరు వెనుకకు ఎగదన్నినట్లు ఆయిలు టర్బోలోనే నిలిచి, సీళ్ళను దాటి, ఒక ప్రక్క గాలి గొట్టములోనికిని మరియొక ప్రక్క పొగ గొట్టములోనికిని పోవును. సైలెన్సరు నుండి నీలిపొగ వచ్చును. "టర్బో పోయింది" అని తీర్పు చెప్పుదురు. క్రొత్త టర్బో బిగింతురు. అదియు కార్చును. దోషము టర్బోది కానప్పుడు పది టర్బోలు మార్చినను ఫలమేమి?

మూయుటయు తప్పే, విడిచిపెట్టుటయు తప్పే

బ్రీథరు నుండి ఆయిలు చుక్కలు పడుచున్నవని కొందరు గొట్టమునకు గుడ్డ కుక్కుదురు. కొందరు సన్నని గొట్టము తగిలించి దూరమునకు లాగుదురు. ఈ రెండును ఇంజను గొంతు నులుముటయే. లోపలి వాయువు పోవుటకు దారి లేనప్పుడు బలహీనమైన చోటు వెదకుకొనును. ముందు సీలు, వెనుక సీలు, చాంబరు గాస్కెట్టు, డిప్ స్టిక్కు గొట్టము, వీటిలో ఏదో ఒకటి విడుచును. వెనుక సీలు విడిచినచో ఆయిలు క్లచ్ ప్లేటు మీద పడును. బండి ఎత్తు ఎక్కదు. ట్రాక్టరును రెండుగా విడదీసి క్లచ్ మార్చవలసి వచ్చును. చుక్కల ఆయిలు మిగుల్చుటకు పెట్టిన పీలిక గుడ్డకు ఇంత వెల.

పట్టించుకొనక విడుచుట కూడ ప్రమాదమే. కోత యంత్రము చుట్టు ఎప్పుడును పొట్టు, దుమ్ము, గడ్డి నుసి ఎగురుచుండును. బయటికి విడుచు బ్రీథరు గొట్టము రేడియేటరు వైపు తిరిగియున్నచో ఆయిలు ఆవిరి దాని రెక్కలకు అంటి, దాని మీద నుసి పేరుకొని మందమైన పూతయగును. గాలి దూరదు. ఇంజను కాగును. గొట్టము ఎర్రగా కాలిన పొగ గొట్టము దగ్గర నున్నచో నిప్పుకు అవకాశము గలదు. ఎండిన వరి మధ్య యంత్రము మండినచో పోవునది యంత్రమొక్కటే కాదు.

దమ్ము చేయు ట్రాక్టరులలో మరియొక ఇబ్బంది. గొట్టము కొన క్రిందికి వంగియుండుటచేత బురద చిమ్మి దాని నోరు పూడ్చును. కొన్నాళ్ళు నిలిపియుంచిన యంత్రములలో కందిరీగలు మట్టిగూడు కట్టుట కూడ గలదు. పుల్ల ముక్కతో రెండు నిమిషములలో పోవు అడ్డు అది. చూచినవాడు లేక అదే ఇంజను మరమ్మతుకు కారణమగుచున్నది.

ఆయిలు ఆవిరిని చిన్న చూపు చూడరాదనుటకు ప్రపంచము ఎరిగిన దృష్టాంతమొకటి చెప్పెదను. 1947 సెప్టెంబరు 11వ తేదీన ఉత్తర ఐర్లాండు తీరమునకు సమీపమున రీనా డెల్ పసిఫికో అను ఓడ పరీక్షా ప్రయాణములో నుండగా దాని డీజిలు ఇంజనుల క్రాంకు అరలలోని ఆయిలు ఆవిరి అంటుకొని ప్రేలినది. 28 మంది మరణించిరి. మన ట్రాక్టరు ఓడ ఇంజనంతటిది కాదు. అంత ప్రేలుడు దానిలో రాదు. కాని మిక్కిలి కాగిన ఇంజను ఆయిలు మూతను వెంటనే తీయరాదనియు, అక్కడ బీడీ చుట్ట వెలిగింపరాదనియు నేర్చుకొనుటకు ఈ దృష్టాంతము చాలును.

స్టాపు లాగినను ఆగని ఇంజను

అన్నిటికంటె భయంకరమైనది ఇంజను తనంతట తాను రేసు పట్టుట. డీజిలు ఇంజను డీజిలుతోనే కాదు, గాలి దారిలో ఆయిలు చేరినచో ఆ ఆయిలుతో కూడ నడచును. టర్బో సీలు పూర్తిగా పోయినప్పుడు గాని, ఆయిలు హద్దు మీరి పోసినప్పుడు గాని, బ్రీథరు ద్వారా ఆయిలు గాలి గొట్టములోనికి ధారగా పోయినప్పుడు గాని ఇట్లు జరుగును. స్టాపు లాగినచో డీజిలు ఆగును గాని ఆయిలు ఆగదు. వేగము పెరుగుచునే పోయి ఇంజను ముక్కలగు వరకు రావచ్చును.

అట్టి సమయమున ఇంజనుకు గాలి అందకుండ చేయుటయే మార్గము. వీలున్నచో గాలి నోటిని మందమైన చెక్క పలకతో మూయవలెను. అరచేయి అడ్డము పెట్టరాదు, టర్బో లాగు బలము చేతిని గాయపరచును. గుడ్డ పెట్టినచో లోనికి పీల్చుకొనును. కార్బన్ డయాక్సైడు అగ్నిమాపక సిలిండరు ఉన్నచో దానిని గాలి నోటిలోనికి విడువవచ్చును. దగ్గరకు పోవుట క్షేమము కానిచో మనుష్యులను దూరముగా పంపవలెను. ఇంజను పోయినను కొనుక్కొనవచ్చును, డ్రైవరును కొనలేము.

విప్పుటకు ముందు చూడవలసినవి

మొదట ఆయిలు మట్టము చూడుడు. సమమైన నేలమీద బండి నిలిపి, ఇంజను ఆపి కొంతసేపైన పిమ్మట డిప్ స్టిక్కు తీయవలెను. పై గీత దాటియున్నచో క్రాంకు ఆయిలును నురుగుగా కొట్టును. ఆ నురుగే బ్రీథరు ద్వారా వచ్చును. ఆయిలు ఎక్కువ పోసినచో ఇంజనుకు మేలనుకొనుట భ్రమ.

పిమ్మట గాలి ఫిల్టరు చూడుడు. అది దుమ్ముతో మూసికొన్నచో టర్బో మరింత బలముగా పీల్చి, సీళ్ళ గుండ ఆయిలును లాగును. దుమ్ము లోనికి పోయినచో రింగులు, లైనర్లు అరిగి బ్యాక్ కంప్రెషను నిజముగానే పెరుగును. బ్రీథరు కథకు మొదలు చాలసార్లు గాలి ఫిల్టరు వద్దనే యుండును.

ఇక బ్రీథరు. గొట్టమును విప్పి, వంగినదో, లోపల ఉబ్బి మూసికొన్నదో చూడుడు. ఇనుప జాలీ తరహా అయినచో డీజిలులో కడిగి, బాగుగా ఆరబెట్టి బిగింపవచ్చును. పెట్రోలుతో కడుగరాదు. కాగితము గాని, దూది వంటి పొర గాని గల ఫిల్టరు అయినచో కడిగి ప్రయోజనము లేదు. దానిని ఇంజను పుస్తకములో చెప్పిన గంటలకు మార్చవలెను. రబ్బరు పొర గల వాల్వు ఉన్నచో ఆ పొర చిరిగినదేమో చూపించుకొనవలెను. వేరైన ఆయిలు చాంబరులోనికి తిరిగి దిగు సన్నని గొట్టము పూడుకొన్నచో ఆయిలంతయు గాలి దారి పట్టును.

ఇంతవరకు చేసిన పిమ్మట పీడనము కొలువవలెను. దీనికి ఖరీదైన పరికరము అక్కరలేదు. తాపీ మేస్త్రీలు మట్టము చూచు లెవెల్ పైపు చాలును. దానిని ఒక పొడవైన చెక్కకు యు ఆకారమున కట్టి, సగము వరకు నీరు పోసి, ఒక కొనను డిప్ స్టిక్కు రంధ్రమునకు గాలి పోకుండ తగిలించి, రెండవ కొనను తెరచి యుంచవలెను. ఒక్కొక్క చేయి మీటరుకు తగ్గకుండ ఉండవలెను. ఆ చెక్క ఫ్యానుకు, బెల్టుకు దూరముగా నుండవలెను. ఇంజను కాగిన పిమ్మట నెమ్మది వేగమునను, తరువాత పెంచిన వేగమునను రెండు చేతులలో నీటి మట్టముల తేడాను స్కేలుతో కొలువుడు. ఆ తేడాయే నీటి మిల్లీమీటర్లలో లోపలి పీడనము. ఎంతవరకు ఉండవచ్చునో ఆ ఇంజను పుస్తకము చెప్పును. ఒక ఇంజను హద్దు మరియొక దానికి పనికిరాదు.

బ్రీథరు శుభ్రము చేయక ముందు ఒకసారి, చేసిన పిమ్మట ఒకసారి కొలిచినచో సంగతి తేటపడును. పీడనము తగ్గినచో దోషము బ్రీథరుదే, ఇంజనును ముట్టనక్కరలేదు. తగ్గనిచో రింగులనో, టర్బోనో, గాలి కంప్రెసరునో అనుమానింపవలెను. అప్పుడు ఉస్తాదును పిలుచుట న్యాయము. నీరు ఇంజను వైపునకే లాగబడుచున్నచో యంత్రమును వెంటనే ఆపుడు. అది వాల్వు చెడినదనుటకో, గాలి ఫిల్టరు మూసికొన్నదనుటకో గుర్తు.

ఆయిలు పోయు మూతను తలక్రిందుగా రంధ్రము మీద నుంచి చూచుట మన మెకానిక్కుల వాడుక. మూత కొంచెము కదలినచో భయము లేదు, ఎగిరి పడినచో పీడనము ఎక్కువ. ఇది మోటు పరీక్ష. తొలి అనుమానమునకు పనికివచ్చును గాని, దీనినే నమ్మి హెడ్డు దింపరాదు.

మూతలోపల తెల్లని వెన్న వంటి మడ్డి కనబడినచో వెంటనే హెడ్డు గాస్కెట్టు పోయినదని బెదరవలదు. యంత్రము చాల రోజులు కొద్దిసేపే నడచి, పూర్తిగా కాగనప్పుడు లోపలి నీటి ఆవిరి అట్లు పేరుకొనును. ఒక గంట బరువు పనిలో నడిపిన పిమ్మట అది పోవునేమో చూడుడు. రేడియేటరు నీరు తగ్గుచున్నచో మాత్రము గాస్కెట్టును పరీక్షింపవలెను.

క్రొత్త ఇంజనులు, పాత అలవాట్లు

లోపలి ఆవిరిని బయటికి వదలక మరల గాలి దారిలోనికే పంపి మండించు పద్ధతి మొదట పెట్రోలు కార్లలో వచ్చినది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1961 మోడలు కార్లకు దానిని అమర్చిరి. టర్బో డీజిలు లారీలకు ఆ దేశములో 2007 మోడలు నుండి నిబంధన బిగించిరి. మన దేశములో లారీలకు, బస్సులకు బి.ఎస్. 6 ప్రమాణములు 2020 ఏప్రిల్ 1 నుండియు, 50 గుర్రపు శక్తికి మించిన ట్రాక్టరులకు ట్రెమ్ 4 ప్రమాణములు 2023 జనవరి 1 నుండియు అమలునకు వచ్చినవి.

ఆవిరిని లోనికి త్రిప్పు ఇంజనులలో సెపరేటరు సరిగా పని చేయనిచో ఆయిలు టర్బో రెక్కలకును, గాలిని చల్లబరచు ఇంటర్‌కూలరుకును అంటును. అది చూచి కొందరు ఆ గొట్టమును పీకి బయటికి వదలి, నోరు మూసి, మధ్యలో ఒక డబ్బా తగిలింతురు. నా అభిప్రాయము స్పష్టముగా చెప్పుదును. బయటికి వదలునట్లు తయారైన పాత ఇంజనుకు డబ్బా పెట్టుకొనవచ్చును. కాని గొట్టము వెడల్పు తగ్గరాదు, డబ్బాకు గాలి పోవు దారి ఉండవలెను, వారమునకొకసారి ఖాళీ చేయవలెను. లోనికి త్రిప్పునట్లు తయారైన క్రొత్త ఇంజనును మాత్రము మార్చరాదు. దాని వాల్వులు, సెన్సార్లు ఆ పీడనమునకే అమర్చబడినవి. మార్చినచో గ్యారంటీకి కూడ చిక్కు వచ్చును. సెపరేటరు చెడినచో సెపరేటరునే మార్చవలెను.

డబ్బాలో పడిన ఆయిలులో నీరు, మసి, ఆమ్లము కలిసియుండును. దానిని మరల చాంబరులో పోయరాదు. కాలువలోను, బావి గట్టున కూడ పారబోయరాదు. వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థమని మన నిబంధనలు చెప్పుచున్నవి. దానిని మూత గల డబ్బాలో దాచి అనుమతి పొందిన సేకరణదారులకు ఇయ్యవలెను.

టర్బో గల ఇంజనును బరువు పని నుండి వచ్చిన వెంటనే ఆపక రెండు మూడు నిమిషములు నెమ్మదిగా నడిపి ఆపుడు. లేనిచో వేడి టర్బోలో నిలిచిన ఆయిలు మాడి బొగ్గగును. ఆయిలు దిగు దారిని ఆ బొగ్గే మూయును.

వర్క్‌షాపులో పనిచేయువారిని గూర్చి

ఇరుకు సందులలోని రేకుల షెడ్లలో ఇంజనును గంటల తరబడి నడిపి చూచు అలవాటు మానవలెను. డీజిలు పొగ కాన్సరు కలిగించునదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. దానికి తోడు బ్రీథరు నుండి వచ్చు ఆయిలు తుంపర ఊపిరితిత్తులలోనికి పోవును. రైతు తన ఇంజను పరీక్షింపించునప్పుడు ఆరుబయట నడుపుమని కోరవలెను. మన యంత్రము బాగుపడుటకు మరియొకరి ఆరోగ్యము చెడరాదు గదా.

చూచినందుకు కూలి

ఈ మార్పు రైతుతో ప్రారంభము కావలెను. ఉస్తాదు వద్దకు పోయినప్పుడు "విప్పు" అని గాక, "ముందు బ్రీథరు చూచి, పీడనము కొలిచి చెప్పు, దానికి కూలి ఇచ్చెదను" అని అడుగుడు. ముందు కొలత, తరువాత కొలత బిల్లు మీద వ్రాయింపుడు. మరుసటి సంవత్సరము ఆ కాగితమే మీ యంత్రపు ఆరోగ్యమును చెప్పును. సీజనులో ఇంత తీరిక ఎక్కడిదని కొందరు అనవచ్చును. ఈ పరీక్షకు అర్ధగంట పట్టును. ఇంజను విప్పినచో ఎన్ని కోత దినములు పోవునో వారే లెక్క వేసికొనవలెను. పండిన వరి వర్షమునకు పొలములో నిలువరాదు.

ఉస్తాదులు కూడ ఆలోచింపవలెను. విప్పక బాగుచేసి పంపిన రైతు ఊరికి పోయి పదిమందికి చెప్పును. ఆ పేరు ఒక్క ఇంజను కూలికంటె విలువైనది.

గ్రామాధికారులకును, విస్తరణాధికారులకును ఒక మనవి. వానాకాలపు కోతలకు ముందొకసారి, యాసంగి కోతలకు ముందొకసారి రైతువేదికలలో యంత్రముల తనిఖీ దినము పెట్టవచ్చును. అద్దె యంత్ర కేంద్రముల వారిని, ఊరి ట్రాక్టరుల యజమానులను పిలిచి, లెవెల్ పైపుతో కొలుచుట చూపినచో చాలును. ఒక చెక్క, నాలుగు గజముల పైపు, ఒక స్కేలు తప్ప ఖర్చు లేదు. యంత్రము నడుపు యువకులను శిక్షణకు పంపదలచినవారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. ఆయిలు మార్చుట, నట్టు బిగించుటతో పాటు బ్రీథరు పరీక్ష కూడ నేర్చిరమ్మని వారికి చెప్పి పంపవలెను.

ఎద్దు రొప్పుచున్నచో కాడి దింపి దాని ముక్కు, నోరు చూచు అలవాటు మన రైతుకు తరతరములుగా గలదు. పొట్ట కోసి చూడుమని ఎవరును అనరు. యంత్రము విషయములో కూడ ఆ వివేకమే చూపవలెనని కోరుచున్నాను. ఈసారి యంత్రము పొలములో దిగుటకు ముందే బ్రీథరు గొట్టమును మీ చేతితో విప్పి చూడుడు.